పాత బండికి కొత్త చట్రం: ఆదేశమా, ఆగమమా?



వ్యాకరణం చెప్పుకుని బ్రతికినవాడికి మోటారు బండ్లతో ఏమి పని అని మీరు అడగవచ్చు. మా ఇంట్లోనూ అదే అడిగారు. అయినా నిరుటి వేసవి నుంచి ఒక పాత బండి నా మనసులోంచి దిగడం లేదు. ఆ సంగతేమిటో, దానిమీద నా అభిప్రాయమేమిటో ఇక్కడ వ్రాస్తున్నాను. తప్పయితే దిద్దండి.

మా అబ్బాయి అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలో ఉంటాడు. నిరుడు మేము వెళ్లేసరికి వాడి గరాజులో 1950 నాటి షెవర్లే పికప్ ట్రక్కు ఒకటి ఉంది. గుండ్రటి ముఖం, ఉబ్బెత్తు మడ్‌గార్డులు, ముందు అడ్డంగా ఐదు పట్టీలు. చూడగానే మా ఊరి పెద్దకాపు ఎవరో తలపాగా చుట్టుకుని అరుగుమీద కూర్చున్నట్లు అనిపించింది. 1947 నుంచి 1955 ఆరంభం వరకు ‘అడ్వాన్స్ డిజైన్’ అనే పేరుతో వెలువడిన వరుసలోది ఆ బండి. అరటన్ను తరగతి, 3100 దాని సంఖ్య. దాని ప్రక్కనే అదే సంస్థవారి ఎస్-10 అనే చిన్న పికప్పు, సొట్టలు పడినది, నిలబడి ఉంది. అది 1990ల నాటిది.

“రెండు బండ్లెందుకురా?” అని అడిగాను.

“రెండు కాదు నాన్నగారూ, రెండూ కలిసి ఒకటి అవుతాయి. దీని ఒడలు తీసి దాని చట్రంమీద పెడతాను” అన్నాడు.

నాకు వెంటనే పరకాయప్రవేశం గుర్తుకు వచ్చింది. ఆ మాటే అంటే వాడు నవ్వాడు. తరువాత నాలుగు వారాలు మా తండ్రీకొడుకుల మధ్య జరిగిన వాదమంతా ఆ నవ్వు దగ్గరే మొదలైంది.

సంగతి తెలియనివారికి రెండు మాటలు. ఈ ట్రక్కులకు అడుగున నిచ్చెనలాంటి ఉక్కు చట్రం ఉంటుంది. మనవాళ్లు ఛాసీ అంటారు. ఇంజను, ఇరుసులు, కమాను పట్టీలు అన్నీ దానికే. పైన క్యాబిన్, వెనుక తొట్టి, ముందు మడ్‌గార్డులు వేరువేరుగా బోల్టులతో కూర్చుంటాయి. కనుక బోల్టులు విప్పితే ఒడలు పైకి వస్తుంది. ముందు చక్రాలకూ వెనుక చక్రాలకూ నడిమి దూరం పాతదానికి 116 అంగుళాలు. పొడవు తొట్టి ఉన్న ఎస్-10కు 117.9 అంగుళాలు. ఈ దగ్గరితనంవల్లనే అమెరికాలో అభిరుచిగలవారు ఈ రెంటికీ పెళ్లి చేస్తూ ఉంటారు. అయితే జాతకాలు పూర్తిగా కలవవు. ఎస్-10 చట్రంమీది పాత ఊతకొమ్ములు కోసి, కొత్తవి వెల్డింగు చేయాలి. ప్రక్కవెడల్పు కాస్త తక్కువ కనుక చక్రాలు మడ్‌గార్డుల లోపలికి ముడుచుకున్నట్లుంటాయి. వాటిని వెలుపలికి జరపడానికి మధ్యలో బిళ్లలు వేయాలి. స్టీరింగు కడ్డీని కొత్తగా అతకాలి.

ఇంత శ్రమ ఎందుకంటే వాడి సమాధానం తోసివేయదగినది కాదు. పాత బండికి నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. బ్రేకు నూనె అంతా ఒక్కటే దారి. ఎక్కడ ఒక గొట్టం పగిలినా నాలుగు చక్రాలూ ఒక్కసారే చేతులెత్తేస్తాయి. ముందు ఇరుసు బండ ఇరుసు. సీటు బెల్టులు లేవు. అన్నిటికంటె నన్ను కలవరపెట్టినది పెట్రోలు ట్యాంకు: అది క్యాబిన్‌లోనే, మనం కూర్చునే సీటు వెనుకనే ఉంది! ఎస్-10 చట్రానికి ముందు డిస్కు బ్రేకులు, రెండు దారుల నూనె, స్వతంత్రంగా ఊగే ముందుచక్రాలు, చేతికి నొప్పి కలగని స్టీరింగు ఒక్క కొనుగోలులో వచ్చేస్తాయి.

“బుజ్జిగాణ్ణి ఇందులో స్కూలుకు తీసుకువెళ్లాలని ఉంది నాన్నగారూ” అన్నాడు చివరికి. మనుమడి పేరు ఎత్తిన తరువాత ఏ తాతకైనా నోరు పెగులుతుందా? ఆ రోజుకు నేను ఓడిపోయాను.

రాత్రి నిద్ర పట్టక ఆలోచిస్తే ముప్ఫయ్యేళ్లు పిల్లలకు చెప్పిన పాఠమే దారి చూపింది. సంధులలో కొత్తగా వచ్చే అక్షరం రెండు విధాలుగా వస్తుంది. ఆదేశం ఉన్న అక్షరాన్ని వెళ్లగొట్టి దాని చోట తాను కూర్చుంటుంది: వాడు, కొట్టె కలిస్తే ‘వాడు గొట్టె’, కకారం పోయి గకారం వచ్చింది. ఆగమం ఎవరినీ వెళ్లగొట్టదు, ఉన్నవారి నడుమ తానూ వచ్చి నిలుస్తుంది: మా, అమ్మ కలిస్తే ‘మాయమ్మ’, పాత అక్షరాలన్నీ ఉన్నాయి, యకారం అదనం. ఆదేశం శత్రువువంటిది, ఆగమం మిత్రునివంటిది అని పూర్వులు చెప్పినది ఇందుకే.

చట్రం మార్చడం ఆదేశం. పాత చట్రానికి సీటు బెల్టులు బిగించడం, బ్రేకు నూనెకు రెండవ దారి ఏర్పరచడం ఆగమం. పాత ఇరుసుకే బోల్టులతో బిగించుకునే డిస్కు బ్రేకుల సామగ్రి దొరుకుతుంది. పెట్రోలు ట్యాంకును తొట్టి క్రిందికి మార్చుకోవచ్చు. డ్రమ్ము తీసి డిస్కు పెట్టడం ఆదేశమే కదా అని మీరు నన్ను పట్టుకుంటారని తెలుసు. నిజమే, ఉపమానం అన్నిచోట్లా అతకదు. కాని ఆ డ్రమ్మును గోనెసంచిలో దాచుకుని, కావాలనుకున్ననాడు మళ్లీ బిగించవచ్చు. చట్రంనుంచి విడిపోయిన బండికి ఆ తిరుగుదారి ఉండదు. ఆ చట్రం తుక్కు దుకాణానికి చేరితే ఇక ఎన్నటికీ ఉండదు.

భద్రత అనే మాటనుకూడా మరునాడు మళ్లీ తూచి చూశాను. బాగా ఆగడం, బాగా తిరగడం కొత్త చట్రం ఇస్తుంది, కాదనను. కాని పిల్లవాడు కూర్చునేది చట్రంమీద కాదు, క్యాబిన్‌లో. ఆ క్యాబిన్ 1950 నాటి రేకే. ఎదుటి బండి గుద్దుకుంటే కాపాడవలసిన గాలితిత్తి, నలిగి దెబ్బను మ్రింగే నిర్మాణం, అవేవీ చట్రంతోపాటు నడిచి రావు. అంటే ఏ బిడ్డ పేరు చెప్పి ఈ శస్త్రచికిత్స చేయబూనామో, ఆ బిడ్డకు దానివల్ల కలిగే మేలు మనం అనుకున్నంత పెద్దది కాదు. ఆ మేలులో ఎక్కువ భాగం ఆగమాలతోనే సమకూరుతుంది.

ఇక బండి ఎవరు అనే ప్రశ్న. నా చిన్ననాట బెజవాడ ఆటోనగర్‌లో లారీలకు బాడీలు కట్టేవారు. కర్మాగారంనుంచి బండి వట్టి ఛాసీగా వచ్చేది. ముఖానికి తువ్వాలు చుట్టుకున్న డ్రైవరు, నెత్తిన కప్పు లేకుండా, చెక్కపీటమీద కూర్చుని ఎండలో తోలుకువచ్చేవాడు. వడ్రంగులు దానిమీద క్యాబిన్, తొట్టి కట్టేవారు, పూలు, నెమళ్లు వేసేవారు. పదేళ్లకు ఆ చెక్క పుచ్చితే మళ్లీ కట్టేవారు. బండి మాత్రం అదే. ఎందుకంటే మనకు బండి అంటే ఛాసీ. రిజిస్ట్రేషన్ కాగితాలకు దాని నంబరుమీద కాగితం పెట్టి, పెన్సిలుతో రుద్ది అచ్చు తీసేవారు. ఒడలు చొక్కావంటిది, ఛాసీ ప్రాణం. తయారీదారు నిర్దేశాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చరాదని మన సుప్రీం కోర్టుకూడా 2019 జనవరిలో తేల్చి చెప్పింది.

ఈ షెవర్లేలో వ్యవహారం తలక్రిందులు. దాని నంబరు పలక క్యాబిన్‌లో, తలుపు స్తంభానికి రివెట్లతో బిగించి ఉంది. కనుక చట్రం, ఇంజను, ఇరుసులు, చక్రాలు అన్నీ పోయినా పలక నిలిచినంతకాలం కాగితంమీద అది 1950 బండే! ప్రక్కన ఎస్-10 చట్రానికి వేరే నంబరు. ఒకే బండికి రెండు జన్మపత్రికలు. కొన్ని రాష్ట్రాలు ఇటువంటివాటిని పునర్నిర్మిత వాహనమని వేరుగా నమోదు చేయమంటాయి, రాష్ట్రానికొక పద్ధతి. పద్ధతి ఏదైనా, కొనవచ్చినవాడికి ఆ సంగతి చెప్పకపోతే అది అబద్ధమే. ఈ కూర్పులు ప్రకటనలలో ఒట్టి ‘1950 షెవర్లే’గా అమ్మకానికి వస్తే, మేలిముసుగు వేసి పెళ్లికూతురును మార్చిన కథ అవుతుంది.

అయితే చట్రం ఎన్నడూ మార్చరాదా? అలా అనను. హనుమకొండ వేయిస్తంభాల గుడి 1163లో కాకతి రుద్రదేవుడు కట్టించినది. దాని కల్యాణమండపం క్రుంగి ఒరిగిపోతే 2006లో రాళ్లకు అంకెలు వేసి విప్పారు. పునాదిని గట్టిచేసి, చాలనిచోట కొత్త రాళ్లు చెక్కి, మళ్లీ నిలబెట్టారు. 2024 మార్చిలో తలుపులు తెరిచారు. అది వేరే మండపమని నేను అనను. అక్కడ విప్పకపోతే కూలిపోయేది. పైగా ఏమి చేశారో లోకమంతటికీ తెలుసు. ఆదేశానికి ఈ రెండే అర్హతలు: వేరే దారి లేకపోవడం, చేసినది దాచకపోవడం. ఒహాయోలో చలికాలం రోడ్లమీద ఉప్పు చల్లుతారు. దానివల్ల చట్రాలు తుప్పుపట్టి పొరలుపొరలుగా రాలిపోతాయి. అటువంటి చట్రం ఉన్నవాడు నిశ్చింతగా మార్చుకోవచ్చు. నా ఆశీర్వచనంకూడా ఇస్తాను.

కాని మా వాడి చట్రం అటువంటిది కాదు. తిరుగు ప్రయాణానికి రెండు రోజుల ముందు మేమిద్దరం బండిక్రింద దూరాం. ఈ వయసులో నాకు అది సాహసమే. వాడు చిన్న సుత్తితో ఈ చివరనుంచి ఆ చివరదాకా తట్టుతూ పోయాడు. తుప్పు తిన్న ఉక్కు బొద్దుగా పలుకుతుందట. ఎక్కడ తట్టినా ఖంగుమంది. గుడిగంటలా ఉంది కదరా అన్నాను. వాడు ఏమీ అనలేదు. సుత్తి క్రింద పెట్టి కాసేపు అలాగే వెల్లకిల పడుకుని చట్రంవైపు చూస్తూ ఉండిపోయాడు.

నేను చెప్పవలసినది అప్పుడే చెప్పాను. చట్రం గట్టిగా ఉన్నది కనుక దానిని ఉండనివ్వు. బ్రేకులు, బెల్టులు, ట్యాంకు మార్చు. గంటకు యాభై మైళ్లు దాటితే ఇంజను మొరపెడుతుంది కనుక పెద్ద రహదారికి పోకు. పిల్లవాణ్ణి రోజూ బడికి దింపడానికి ఇంట్లో మరో కారు ఉన్నది. ఇది ఆదివారపు బండి. తాతవంటి బండిని పరుగుపందెంలో నిలబెట్టడమెందుకు? ఒకవేళ మార్చే తీరాలనుకుంటే మాత్రం పాత చట్రాన్ని అమ్మకు, టార్పాలిను కప్పి ఉంచు; ఏది ఎప్పుడు మార్చావో ఒక పుస్తకంలో వ్రాసి బండిలోనే పెట్టు.

వాడు ఇంకా ఏదీ తేల్చలేదు. బండి వాడిది, చేతులు వాడివి, నిర్ణయమూ వాడిదే. మొన్న ఫోనులో, సీటు బెల్టులు తెప్పించానన్నాడు. ఎన్ని అని అడిగాను. మూడు అన్నాడు. వాడికొకటి, బుజ్జిగాడికొకటి.

మూడవది ఎవరికో నేను అడగలేదు. వచ్చే వేసవికి టిక్కెట్లు చూడమని మాత్రం చెప్పాను.

సెలవు.