దాహం మీద కౌలు

కౌలు తగ్గించమని అడిగినవాడికి నీళ్ళు ఆగిపోతాయి. మా బాపులపాడు వైపు మామిడి తోటల్లో ఈ చట్టం ఏ పుస్తకంలోనూ ఉండదు. అందరికీ కంఠతా వచ్చు.

తోట కౌలంటే పూత మీద బేరం. కాయ కంటపడకముందే సగం డబ్బు కట్టాలి. తేనెమంచు పురుగు కొట్టినా, గాలివాన రాల్చినా, నున్న మార్కెట్లో ధర పడిపోయినా నష్టం కౌలుదారుడిదే. చెట్టు ఆసామిది, పురుగు మాది.

2010 మే నెలలో లైలా తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మా అయ్య చేసిన తోటలో బంగినపల్లి కాయ నేలంతా పరుచుకుంది. అప్పుడు నేను డిగ్రీ చదువుతున్నా. మిగిలిన కౌలు తగ్గించమని మా అయ్య ఆసామి అరుగు కింద నిలబడి అడిగాడు. “కొడుకు కాలేజీకి పోతున్నాడని నోరొచ్చిందిరా నీకు” అన్నాడాయన. పల్లె కుళాయి ఎండిన రోజుల్లో మాకు ఆయన బోరే దిక్కు. మర్నాడు మా అమ్మ బిందె పట్టుకెళ్తే మోటారు కాలిపోయిందన్నారు. గేదెల తొట్టి మాత్రం నిండుతూనే ఉంది. ఐదో రోజు మా అయ్య మొత్తం కౌలుకి ఒప్పుకున్నాడు. ఆ సాయంత్రమే మోటారు బాగుపడింది.

తాకట్టు పెట్టడానికి మాకు పొలం లేదు, బంగారం లేదు. దాహం ఉంది. దాన్నే తాకట్టు పట్టారు.

“నా బోరు, నా నీళ్ళు, ఇస్తే దయ” అంటారు. భూమి కింద నీటికి సర్వే నంబరుందా? వ్యవసాయ మోటార్లకి 2004 నుంచి ఇచ్చిన ఉచిత కరెంటు ఎవరి సొమ్ము? జనం సొమ్ముతో తోడి, జనానికే దయ చేస్తారా?

నీళ్ళ దగ్గర మాకు కొత్త తగువేం కాదు. 1927లో బాబాసాహెబ్ మహద్ చెరువుకి జనాన్ని నడిపించింది నీళ్ళు తాగడానికే. కారంచేడులో మాదిగలు తాగే నీళ్ళు పాడు చెయ్యొద్దన్నందుకు గొడవ మొదలైంది. 1985 జూలై 17న ఆరుగురిని చంపారు. దళిత మహాసభ ఆ నెత్తుట్లోంచే లేచింది.

చట్టాలకేం తక్కువ లేదు. పంట పోతే కౌలు తగ్గించాలని 1956 కౌలు చట్టంలోనే రాశారు. 2019 చట్టం సాగుదారు హక్కు పత్రానికి ఆసామి సంతకం తెమ్మంది. నీళ్ళు ఆపినవాడి అరుగు కిందికే మళ్ళీ పొమ్మంది! 2015లో అట్రాసిటీ చట్టాన్ని సవరించి, ఉమ్మడి నీటి వనరు దగ్గర మమ్మల్ని అడ్డుకోవడం నేరమన్నారు. ఆసామి బోరు ఉమ్మడిది కాదు గదా అంటారు. పల్లెకి ఉమ్మడి వనరే లేకుండా చేసింది ఎవరు?

కౌలు రైతు సంఘాలు కౌలు సంగతి మాట్లాడతాయి. దళిత సంఘాలు నీళ్ళ సంగతి మాట్లాడతాయి. ఆసామి మాత్రం రెంటినీ ఒకే గుప్పిట్లో పట్టుకున్నాడు. కౌలు తగ్గింపు మీద మీటింగు పెట్టే అన్నలారా, ముందు ఆ పల్లె ఎవరి నీళ్ళు తాగుతోందో అడగండి. నీళ్ళు ఆసామివైతే మీ తీర్మానం రెండో రోజుకి నిలవదు.

పల్లెపల్లెకీ దాని సొంత బోరు, సొంత ట్యాంకు, ఎవడి చేతిలోనూ లేని స్విచ్చి కావాలి. అది కౌలు డిమాండే. గొంతు తడిగా ఉన్నవాడే బేరం ఆడగలడు.