అద్దె యిండ్లలో నీటి లెక్క

మా తరగతి బాలుడొకడు మొన్న వేసవిలో ఒక లెక్క తెచ్చెను. అతడు కాపురముండు అపార్టుమెంటులో పది వాటాలు గలవు. ఆ నెల నీటి బిల్లును, ట్యాంకర్ల ఖర్చును కలిపి 12,000 రూపాయలు కాగా వాటాకు 1,200 చొప్పున పంచిరి. "అయ్యా, మేము నలుగురము. పై వాటాలో ఇద్దరు వృద్ధులు. క్రింది వాటాలో ఎనమండుగురు. అందరికి నొకటే సొమ్మెట్లు వచ్చినది?" అని యడిగెను. భాగహారమందు తప్పు లేదు. అయినను మేము వెంటనే ప్రత్యుత్తర మీయలేకపోతిమి.

హైదరాబాదు నగరమునకు నీరు చౌకగా వచ్చునది కాదు. 1908 సంవత్సరపు మూసీ వరదల పిమ్మట ఉస్మాన్‌సాగరు 1920లోను, హిమాయత్‌సాగరు 1927లోను కట్టబడెను. అవి చాలక 2004 మొదలు కృష్ణా జలమును, 2015 మొదలు గోదావరి జలమును దూరమునుండి గొట్టములద్వారా తెచ్చుచున్నారు. 2021 జనవరిలో గృహమునకు నెలకు 20,000 లీటర్లు ఉచితముగా నిచ్చు పథకము మీటరుండవలెనను నియమముతో ప్రారంభమయ్యెను. పట్టణవాసికి దినమునకు 135 లీటర్లను సర్కారువారి ప్రమాణముచొప్పున ఐదుగురికి 30 దినములకు 20,250 లీటర్లగును. అనగా మితముగా వాడు సంసారమునకు ఇంచుమించుగా సరిపోవును. కాని అపార్టుమెంటుకంతకు నొకే మీటరున్నచోట ఒకరు మిగిల్చినది మరియొకరు వాడుకొందురు. మిగిల్చినవానికి దాని ఫలము కనబడదు.

చలిదేశములలో నీటికి తోడు వెచ్చదనమునకు కూడ ఈ తగవు గలదు. మన గీజరు ఖర్చు ఎవరి కరెంటు మీటరులో వారికే పడును. జర్మనీలోనన్ననో అనేక భవనములలో ఒకే కొలిమినుండి అన్ని వాటాలకు వేడినీరు ప్రవహించును. అచ్చట 1981లో అమలులోనికి వచ్చిన శాసనము ప్రకారము ఖర్చులో నూటికి 50కి తక్కువ గాకుండ, 70కి మించకుండ వాడకమునుబట్టియు, తక్కినది సాధారణముగా వాటా వైశాల్యమునుబట్టియు పంచవలెను. అంతయు వాడకమునుబట్టియే యేల పంచరాదు? నడిమి వాటావాడు ఇరుగుపొరుగు గోడలనుండి వెచ్చదనమును పొందును, మూల వాటావాడు దానిని గాలికి పోగొట్టుకొనును గనుక.

నీరు గోడలలోనుండి పొరుగింటికి పోదు (పోయినచో తాపీమేస్త్రీ నడుగవలెను). కావున నీటి వెల అంతయు మీటరునుబట్టియే యుండవలెనని మా యభిప్రాయము. మోటారు కరెంటును, ట్యాంకు కడుగు కూలిని సమముగా పంచుకొనవచ్చును. పెద్ద మీటరుకును చిన్న మీటర్ల మొత్తమునకును వచ్చు భేదము చాలవరకు గొట్టముల కారుడు. గొట్టములు యజమానులవి గనుక ఆ భారము అద్దెవారిపై వేయుట తగదు.

ఇందు చిక్కు లేకపోలేదు. మన యిండ్లలో మిద్దెపై ట్యాంకునుండి వంటయింటికొకటి, స్నానపుగదికొకటి వేర్వేరు గొట్టములు దిగును. ఒక్క వాటాకే మూడు నాలుగు మీటర్లు కావలసివచ్చును. కొందరు తలలను లెక్కించి పంచుదమందురు. వినుటకిది బాగుగనే యున్నది. కాని తలలు లెక్కించుట కలవాటుపడిన యజమానుడు పిల్లలు గలవారికి ఇల్లే ఈయకుండుట మేమెరుగుదుము. మేమును ఒకప్పుడు ముగ్గురు పిల్లలతో నాలుగు గుమ్మములు త్రొక్కితిమి. కావున పాత యిండ్లలో మీటర్లు పెట్టువరకు పడకగదుల సంఖ్యనుబట్టి పంచుట కొంత మేలు. క్రొత్తగా కట్టువారు వాటాకొక్క గొట్టమే దింపిన ఈ బాధయే యుండదు.

ఇస్సాకు పనివారు గెరారు లోయలో బావులు త్రవ్వగా అచ్చటి కాపరులు నీరు మాదని జగడమాడిరి. మన కాలమున జగడము సంఘపు సమావేశమందు జరుగును. అద్దెవాని కచ్చట కుర్చీ లేదు, సొమ్ము మాత్రమతడే చెల్లించును. చెల్లింపలేదని కొళాయి బంధించువారును గలరు. 2021లో కేంద్రప్రభుత్వ మామోదించిన నమూనా అద్దె చట్టము అట్లు నీటిని నిలుపరాదని చెప్పుచున్నది.

ఈ పత్రికను చదువు తల్లిదండ్రులలో ఇండ్ల యజమానులు పలువురు గలరు. వారిని మేము కోరునది స్వల్పము: నెలనెల నీటి బిల్లును, ట్యాంకర్ల రసీదులను, మీటరు అంకెలను మెట్లవద్ద గోడకు అంటింపుడు. మా బాలుని అపార్టుమెంటులో నేటివరకు అంటింపలేదు. అతడు పెద్ద మీటరును తానే ప్రతి ఆదివారము చూచి పుస్తకమున వ్రాసికొనుచున్నాడు.