కరెంటు పుట్టే గడ్డపై.. కరెంటు చదువుకు ఆదరణ కరవు

* కంప్యూటర్ కోర్సుల వైపే తల్లిదండ్రుల మొగ్గు
* యంత్రాన్ని ముట్టకుండానే నాలుగేళ్ల పట్టా
* కొలువులు పోలేదు.. చోటు మారాయి

ముదిగొండ: యాసంగి వరి పొట్టదశలో ఉండగా పొలంలో మోటారు కాలిపోతే రైతు ముందుగా వెతికేది లైన్‌మన్‌ను. ఆ తరువాత మోటారును బండికి ఎత్తించి ఖమ్మంలోని వైండింగు దుకాణానికి తీసుకుపోతాడు. ఇంట్లో ఇంజినీరింగ్ చదువుతున్న కుమారుడు ఉన్నా, అతడు ఎలక్ట్రికల్ విద్యార్థే అయినా, తండ్రి అతడిని పిలవడు. పిలిచినా స్టార్టరు పెట్టె తెరిచి లోపం ఎక్కడ ఉందో చెప్పగల ధైర్యం ఎక్కువ మంది విద్యార్థులకు ఉండటం లేదు. చూడటానికి చిన్న విషయమే. ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్ ఇంజినీరింగ్ (ఈఈఈ) చదువు నేడు ఏ స్థితిలో ఉందో చెప్పేందుకు ఇదొక్కటి చాలు.

ఏటా ఈఏపీసెట్ కౌన్సెలింగ్ సమయంలో మండలంలోని పల్లెల్లో వినిపించే ప్రశ్న ఒక్కటే. కంప్యూటర్ సైన్స్ సీటు వచ్చిందా, లేదా? రాకపోతే ‘ఈఈఈ అయినా సరే’ అన్న మాట వెంటనే వస్తుంది. పత్తి, మిర్చి అమ్మిన సొమ్ముతో బిడ్డను చదివించే కుటుంబాలకు ఈ ‘అయినా సరే’ నాలుగేళ్ల తరువాత ఎంత భారమవుతుందో, లేక ఎంత వరమవుతుందో ముందుగా తేల్చి చెప్పేవారు కరవయ్యారు.

రాష్ట్రానికి వెలుగునిచ్చిన నేల

ఉమ్మడి ఖమ్మం జిల్లాకు విద్యుత్తుతో ఉన్న బంధం ఆరు దశాబ్దాల నాటిది. పాల్వంచలోని కొత్తగూడెం థర్మల్ విద్యుత్కేంద్రంలో (కేటీపీఎస్) తొలి యూనిట్ 1966లో మొదలైంది. సింగరేణి బొగ్గు, కిన్నెరసాని నీరు దానికి ఊపిరి పోశాయి. మోతుగూడెం వద్ద దిగువ సీలేరు జల విద్యుత్కేంద్రం 460 మెగావాట్ల సామర్థ్యంతో ఏర్పడింది. ఇది 2014లో ఏడు మండలాల విలీనంతో ఆంధ్రప్రదేశ్ పరిధిలోకి వెళ్లింది. 2016లో జిల్లాల పునర్విభజనతో పాల్వంచ భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చేరింది. మణుగూరు సమీపంలో 1,080 మెగావాట్ల భద్రాద్రి థర్మల్ కేంద్రం నాలుగు యూనిట్లతో 2022 నాటికి పూర్తయింది.

చదువు విషయంలోనూ ఈ ప్రాంతం వెనుకబడి లేదు. 1959లో వరంగల్‌లో స్థాపించిన ప్రాంతీయ ఇంజినీరింగ్ కళాశాల (నేటి ఎన్ఐటీ) ఎలక్ట్రికల్ ఇంజినీర్లను తయారు చేసింది. కొత్తగూడెంలో 1978లో స్కూల్ ఆఫ్ మైన్స్‌గా ప్రారంభమై, తరువాత కాకతీయ విశ్వవిద్యాలయ ఇంజినీరింగ్ కళాశాలగా మారిన సంస్థలో గనుల కోర్సుతో పాటు ఈఈఈ బోధన కూడా సాగింది. 2025లో ప్రభుత్వం దీనిని డాక్టర్ మన్మోహన్‌సింగ్ పేరిట ఎర్త్ సైన్సెస్ విశ్వవిద్యాలయంగా మార్చింది. ఇక ముదిగొండ మండలం ఉన్న మధిర నియోజకవర్గం నుంచి ఎన్నికైన భట్టి విక్రమార్క 2023 డిసెంబరులో ఉప ముఖ్యమంత్రిగా విద్యుత్తు శాఖ బాధ్యతలు చేపట్టారు. ఇన్ని అనుకూలతలున్న చోటనే ఈ కోర్సు రెండో వరుసకు జారడం ఆలోచించాల్సిన అంశం.

ఎందుకీ చిన్నచూపు?

మొదటి కారణం సాఫ్ట్‌వేర్ జీతాల ఆకర్షణ. కళాశాలలు కూడా అటువైపే నడుస్తున్నాయి. మెరుగైన కళాశాలలు ఒక్కో బ్రాంచిలో ఎన్ని సీట్లు పెంచుకోవచ్చన్న దానిపై ఉన్న పరిమితిని అఖిల భారత సాంకేతిక విద్యామండలి 2024-25 నుంచి ఎత్తివేసింది. రాష్ట్రంలోని ఇంజినీరింగ్ సీట్లలో మూడింట రెండు వంతులకు పైగా కంప్యూటర్ సంబంధిత కోర్సులవే అయ్యాయి. సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్ విభాగాల్లో సీట్లు తగ్గించుకుని, ఆ మేరకు కంప్యూటర్ సీట్లు కోరే ధోరణి పెరిగింది. సీట్లు తగ్గితే అధ్యాపకులు తగ్గుతారు. అధ్యాపకులు తగ్గితే ప్రయోగశాల మూతపడుతుంది. ప్రయోగశాల లేని చోట మిగిలిన కొద్దిమందీ పుస్తకానికే పరిమితమవుతారు.

రెండో కారణం జిల్లావాసుల కళ్లముందే ఉంది. కేటీపీఎస్‌లోని పాత ఏ, బీ, సీ స్టేషన్లలో ఎనిమిది యూనిట్లు కలిపి 720 మెగావాట్లు. కాలం చెల్లిన వీటిని 2020లో మూసివేశారు. వాటి ఎనిమిది శీతలీకరణ గోపురాలను 2024 ఆగస్టు 5న కూల్చివేశారు. 2018లో మొదలైన ఏడో దశలో ఒక్క యూనిట్ సామర్థ్యమే 800 మెగావాట్లు. ఎనిమిది యంత్రాల పనిని ఒక్క యంత్రం చేస్తోంది. మెగావాట్లు పెరిగినంతగా మనుషుల అవసరం పెరగలేదు. పాల్వంచలో కేంద్రం ఉంది కాబట్టి మన పిల్లలకు అక్కడే కొలువు దొరుకుతుందన్న పాత తరం నమ్మకం ఈ మార్పుతో సడలింది.

పాఠం పుస్తకంలో.. యంత్రం పొలంలో

ఈఈఈ నాలుగేళ్ల కోర్సులో విద్యుత్ వలయాలు, డీసీ యంత్రాలు, ట్రాన్స్‌ఫార్మర్లు, ఇండక్షన్ మోటార్లు, సరఫరా లైన్లు, నియంత్రణ వ్యవస్థలు, పవర్ ఎలక్ట్రానిక్స్, రక్షణ పరికరాలు ప్రధానాంశాలు. వీటిలో చాలా వరకు పల్లెలో నిత్యం కనిపించేవే. త్రీఫేజ్ ఇండక్షన్ మోటారు ప్రతి బోరు వద్దా ఉంది. ట్రాన్స్‌ఫార్మర్ ప్రతి చెలకలోనూ ఉంది. గ్రానైట్ కోత యూనిట్లలో భారీ మోటార్లు నడుస్తున్నాయి.

లోఓల్టేజీలో మోటారు ఎందుకు కాలుతుందన్నది ఈ కోర్సులోని పాఠమే. ఓల్టేజీ తగ్గినా మోటారు మోయాల్సిన బరువు తగ్గదు. అందుకోసం అది ఎక్కువ కరెంటు లాగుతుంది. తీగచుట్టలు వేడెక్కి, వాటిపై ఉన్న పూత మాడిపోతుంది. కెపాసిటర్ బిగిస్తే లైనుపై అనవసరపు కరెంటు భారం తగ్గి ఓల్టేజీ కొంత నిలబడుతుంది. 2004లో ఉచిత విద్యుత్తు ప్రకటించిన ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం 2005లో కెపాసిటర్లు, ఐఎస్ఐ మోటార్లు, మెరుగైన ఫుట్‌వాల్వులు తప్పనిసరి అన్నది ఇందుకే. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల సరఫరా మొదలైనప్పుడు ఆటోమేటిక్ స్టార్టర్లు తొలగించాలని అధికారులు ఊరూరా చెప్పిందీ ఇలాంటి కారణంతోనే. సరఫరా రాగానే మోటార్లన్నీ ఒక్కసారిగా తిరిగితే ట్రాన్స్‌ఫార్మర్ తట్టుకోలేదు. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్‌పై స్థాయికి మించి మోటార్లు నడిపితే ఏమవుతుందో రైతుకు అనుభవంతో తెలుసు. విద్యార్థికి సూత్రంతో తెలుసు. ఈ రెండూ కలిసే చోటే లేదు.

చివరి సంవత్సరం ప్రాజెక్టు ఈ లోటును పూడ్చాలి. కానీ హైదరాబాద్‌లో సిద్ధంగా దొరికే ప్రాజెక్టులను కొని సమర్పించే అలవాటు ఏళ్ల తరబడి పాతుకుపోయింది. పట్టా చేతికి వచ్చాక అదే విద్యార్థి అమీర్‌పేటలో గది అద్దెకు తీసుకుని కంప్యూటర్ కోర్సు నేర్చుకోవడం సర్వసాధారణమైంది. సాఫ్ట్‌వేర్‌లో అతడు కంప్యూటర్ విద్యార్థి కంటే వెనుక, సబ్‌స్టేషన్‌లో డిప్లొమా విద్యార్థి కంటే వెనుక.

కొలువుల లెక్క

ప్రభుత్వ కొలువులు లేవనడం సరికాదు. అయితే అవి క్రమం తప్పకుండా రావు. జెన్‌కో 2015లో 856 సహాయ ఇంజినీరు పోస్టులకు ప్రకటన ఇచ్చింది. 2023 అక్టోబరులో 339 పోస్టులు ప్రకటించగా వాటిలో 187 ఎలక్ట్రికల్ విభాగానివే. పలుమార్లు వాయిదా పడిన ఆ పరీక్ష 2024 జులైలో జరిగింది. నోటిఫికేషన్‌నే నమ్ముకుని ఇంటివద్ద కూర్చున్నవారికి ఈ నిరీక్షణలో వయసు కరిగిపోయింది.

జూనియర్ లైన్‌మన్ కొలువుకు ఐటీఐ ఎలక్ట్రికల్ లేదా ఇంటర్ ఒకేషనల్ ఎలక్ట్రికల్ అర్హత అడుగుతారు. స్తంభం ఎక్కే పరీక్ష కూడా ఉంటుంది. ఇంజినీరింగ్ పట్టా అక్కడ అక్కరకు రాదు. మరోవైపు గేట్‌లో మంచి ర్యాంకు తెచ్చుకుంటే ఎన్‌టీపీసీ, పవర్‌గ్రిడ్ వంటి జాతీయ సంస్థల తలుపులు తెరుచుకుంటాయి. సింగరేణి కూడా 2024లో ఎలక్ట్రికల్, మెకానికల్ విభాగంలో మేనేజ్‌మెంట్ ట్రైనీలను కోరింది. రెండో ఏడాది నుంచే పాఠాన్ని శ్రద్ధగా చదివినవారికే ఈ దారి అందుతుంది.

చోటు మారిన పని

రాష్ట్రంలో విద్యుత్తు గరిష్ఠ డిమాండ్ 2025 మార్చిలో 17 వేల మెగావాట్లు దాటింది. ఇంత భారం మోసే లైన్లకు, సబ్‌స్టేషన్లకు, రిలేలకు నిపుణులు కావాలి. సింగరేణి తన సౌర కేంద్రాలను మణుగూరు, ఇల్లెందు, కొత్తగూడెంలలో నెలకొల్పింది. పోడు భూములకు సౌర పంపుసెట్లు ఇచ్చే ఇందిర సౌర గిరి జల వికాసం పథకాన్ని ప్రభుత్వం 2025 మే 19న నాగర్‌కర్నూల్ జిల్లా మాచారంలో ప్రారంభించింది. రూ.12,600 కోట్లతో 2.10 లక్షల మంది గిరిజన రైతులకు, 6 లక్షల ఎకరాలకు సాగునీరు అందించడం లక్ష్యం. భద్రాచలం అడవి అంచున ఉన్న పోడు రైతులకు ఇది ఆశాకిరణమే.

అయితే అడవిలోని గూడెంలో సౌర పలక కింద ఉన్న కంట్రోలరు మొరాయిస్తే దానిని సరిచేసేది ఎవరు? సౌర పలక నుంచి వచ్చే డీసీ కరెంటును మోటారుకు తగినట్లు మార్చే పరికరం పూర్తిగా పవర్ ఎలక్ట్రానిక్స్. వైండింగు దుకాణానికి అది అంతుపట్టదు. ఈఈఈ విద్యార్థికి అదే మూడో ఏడాది పాఠం. పాల్వంచ గేటు వద్ద తగ్గిన పని చెలకల్లో, గూడేల్లో మొలుస్తోందని గుర్తించాలి.

ఫీజుల ముడి

ఉమ్మడి రాష్ట్రంలో 2008-09 నుంచి విస్తరించిన ఫీజుల చెల్లింపు పథకం పేద ఇళ్లకు ఇంజినీరింగ్‌ను చేరువ చేసింది. అయితే బీసీ విద్యార్థుల్లో 10 వేలలోపు ర్యాంకు లేనివారికి ఏటా రూ.35 వేలే వస్తాయి. మిగతాది తండ్రి జేబు నుంచే. బకాయిలు పేరుకుపోవడంతో 2025 నవంబరులో ప్రైవేటు కళాశాలలు బంద్ పాటించాయి. ప్రభుత్వం నుంచి సొమ్ము రాలేదంటూ పట్టాలు ఆపే చోట నష్టపోయేది విద్యార్థే. గేట్ ర్యాంకు ఉన్నా, కొలువు పిలుపు వచ్చినా చేతిలో ధ్రువపత్రం లేకపోతే ఫలితం శూన్యం.

కలపాల్సింది ప్రభుత్వమే

జిల్లాలోని ఈఈఈ విద్యార్థులు వేసవి సెలవుల్లో కనీసం నెల రోజులు సమీప సబ్‌స్టేషన్‌లో, ట్రాన్స్‌ఫార్మర్ల మరమ్మతు కేంద్రంలో పనిచేసే ఏర్పాటు చేస్తే ఖర్చు స్వల్పం, లాభం అధికం. సౌర పంపుసెట్ల నిర్వహణను స్థానిక పట్టభద్రులకు శిక్షణ ఇచ్చి అప్పగిస్తే రైతుకు సేవ, యువకుడికి ఉపాధి రెండూ సమకూరుతాయి. విద్యుత్తు సంస్థలు, విశ్వవిద్యాలయాలు ఒకే ప్రభుత్వం కింద ఉన్నందున ఇది అసాధ్యమేమీ కాదు. లేనిపక్షంలో కరెంటు ఇక్కడ పుడుతుంది, దానిని చక్కదిద్దే ఇంజినీరు మాత్రం బయటినుంచి రావాల్సి ఉంటుంది.

సీటు ఎంచుకునే ముందు..

* కళాశాలలో విద్యుత్ యంత్రాల ప్రయోగశాలను స్వయంగా చూడాలి. మోటార్లు తిరుగుతున్నాయో, దుమ్ము పట్టాయో గమనించాలి.
* విభాగంలో శాశ్వత అధ్యాపకులు ఎందరున్నారో అడగాలి.
* గణితం, భౌతికశాస్త్రంపై ఆసక్తి ఉంటేనే ఈఈఈ తీసుకోవాలి. కంప్యూటర్ సీటు రాలేదన్న కారణం ఒక్కటే సరిపోదు.
* పదో తరగతి తరువాత డిప్లొమా చేసినవారు ఈసెట్ ద్వారా నేరుగా రెండో ఏడాదిలో చేరవచ్చు. చేతిపని తెలిసినవారికి ఇది మంచి మార్గం.
* ఫీజు పథకం కింద ఎంత వస్తుందో, ఇంటినుంచి ఎంత కట్టాలో నాలుగేళ్లకు కలిపి ముందే లెక్క వేసుకోవాలి.