నాలుకకు దొరకని కల్లు కల్తీ

ఎ.కొండూరు : హైదరాబాదులోని చిన్న బీరు తయారీశాలల్లో గ్లాసును వెలుతురుకెత్తి రంగు చూచి, నురగ చూచి, వాసన పీల్చి, గుక్కను నోట నిలిపి మంచిచెడ్డలు తేల్చేవారున్నారు. ఇదొక కొత్త విద్యగా చెప్పుకుంటున్నారు. తాళ్ల కింద కూర్చుని కల్లు తాగే పల్లెవాసికి మాత్రం ఇది పాత విద్యే. తేడా ఒక్కటి. బీరు బాగోకపోతే డబ్బులు దండగ, అంతే. కల్లులో కల్తీ పడితే ప్రాణానికే ముప్పు.

తాటికల్లు ఒకే రుచిలో నిలిచే సరుకు కాదు. చెట్టు మీద కారేటప్పుడు అది తియ్యటి నీరే. లొట్టికి అంటుకుని వున్న ఈస్టు, గాలిలోని సూక్ష్మజీవులు ఆ తీపిని పులియబెడతాయి. కొన్ని గంటల్లో మత్తు నూటికి 4 నుంచి 6 పాళ్ల వరకు, అంటే దాదాపు బీరు స్థాయికి చేరుతుంది. పొద్దు తిరిగేసరికి పులుపెక్కుతుంది. మర్నాటికి వెనిగర్ దారి పడుతుంది. లొట్టిలో సున్నం పూస్తే పులియడం ఆగుతుంది, అదే నీరా. పోతుతాడి కల్లు వేరు, పండుతాడి కల్లు వేరు. కాబట్టి పొద్దున్నా, సాయంత్రమూ, ఏ చెట్టుదైనా ఒకే రుచి, ఒకే మత్తు ఇచ్చే కల్లు దొరికితే ముందుగా అనుమానించవలసింది దానినే.

నీళ్లు కలిపితే తాగేవాడు పట్టేస్తాడు. శాకరిన్ కలిపినా తీపి నాలుకను వదలక, చివరకు చేదు తగులుతుంది. చిక్కల్లా మత్తు మందులతోనే. తెలంగాణలో కల్తీ కల్లు కేసుల్లో తరచు వినిపించే పేర్లు క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలం. అల్ప్రాజోలం వంటి మందు చిటికెడు చాలు. అంత కొద్ది పాళ్లను పులిసిన కల్లులో ఎంతటి అనుభవజ్ఞుడూ కనిపెట్టలేడు. పైగా అలవాటుపడినవాడికి అసలు కల్లే చప్పగా తోస్తుంది! 2015లో అక్కడ కల్తీపై దాడులు జరిగి మందు కల్లు ఆగినపుడు, వణుకు, ఫిట్స్, మతి చలించిన మాటలతో పలువురు ఆసుపత్రులపాలయ్యారు. 2025 జులైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు మరణించారు.

అది ఎక్కడో జరిగిందని ఇక్కడివారు తోసిపుచ్చడానికి లేదు. ఎ.కొండూరు మండలంలోని తండాలు పత్రికలకెక్కింది నాటుసారా దాడులతోనూ, కిడ్నీ జబ్బులతోనూ. కిడ్నీ జబ్బుల విషయంలో ప్రధానంగా అనుమానిస్తున్నది తాగునీటిని. నీళ్లనే పరీక్ష చేయించి తాగవలసి వచ్చిన చోట కల్లుకు పరీక్ష అక్కర్లేదా?

2022లో రాష్ట్ర ప్రభుత్వం అయిదేళ్ల గీత విధానం ప్రకటించి కల్లు అద్దె రద్దు చేసింది. 2025లో మద్యం దుకాణాల్లో నూటికి 10 గీత కులాలకు కేటాయించింది. ఇవి గీసేవాడికి మేలు చేసేవే, కాదనలేం. లొట్టిలో ఏమున్నదో తాగేవాడికి చెప్పే ఏర్పాటు వీటిలో లేదు. చెట్టెక్కి నిజాయితీగా గీసే కార్మికుడికీ అది అవసరమే. పక్క పాకలో మందు కలిస్తే అతడి కల్లుకు గిరాకీ పడిపోతుంది, ఎక్కడైనా ప్రాణం పోతే అతడి పాకకూ తాళం పడుతుంది. తాళ్ల గీత ముమ్మరంగా సాగేది వేసవిలో. ఆ నెలల్లో ఎక్సైజ్ సిబ్బంది పాకల్లో నమూనాలు తీసి, వాటి ఫలితాన్ని ఆ పాక ముందే రాసిపెట్టడానికి పెద్ద ఖర్చేమీ కాదు.