“వద్దు” అన్న మాటకు వెల

ముప్పైయేళ్లు పిల్లల పద్యాలలో యతిభంగాలు, గణదోషాలు పట్టిన నాకు ఒక పాత జీపులోని దోషం కంటికి ఆనలేదు.

చిలకలూరిపేట దగ్గర మా తమ్ముడి పత్తిచేను నల్లరేగడి. వాన పడితే డొంకలో బండి దిగబడుతుంది. అందుకని, నాలుగు చక్రాలూ లాగే పాత మహీంద్రా జీపు ఒకటి బేరమాడాడు. మిరప అమ్మిన డబ్బు చేతిలో ఉన్నది. రంగు మెరుస్తున్నది, తాళం తిప్పగానే ఇంజను పలికింది. నేనూ బాగున్నదన్నాను.

వెంట వచ్చిన మిస్త్రీ బానెట్టుపై చేయి వేసి, “ముందే వేడిచేసి ఉంచారు మాస్టారూ, రేపు చల్లగా ఉన్నప్పుడు చూద్దాం” అన్నాడు. మర్నాడు ఉదయం ఇంజను చాలాసేపు మొరాయించి, నీలిపొగ వదిలింది. ఆయిలు కాలుతున్నదన్నమాట. ఛాసిస్‌ను సుత్తితో తట్టితే రంగు రాలి తుప్పు బయటపడింది. కొనవద్దన్నాడు.

ఏమీ బాగుచేయలేదు కదా అని తమ్ముడు టీ ఇప్పించి పంపబోయాడు. నా అభ్యంతరం ఇక్కడే. బిగించిన బోల్టుకు కూలి ఇస్తాము, “వద్దు” అన్న మాటకు ఇవ్వము. ఇక మిస్త్రీ అమ్మేవాడి కమీషను వైపు మొగ్గితే తప్పెవరిది? 15 ఏళ్లు నిండిన సొంత బండికి రిజిస్ట్రేషను పొడిగించాలంటే ఫిట్‌నెస్ పరీక్ష తప్పదు. అది బండి రోడ్డెక్కవచ్చునా అన్నది చెబుతుంది గాని, ఆ ధరకు కొనదగునా అన్నది చెప్పదు. అది చెప్పగలవాడు ఈ మిస్త్రీయే.

అతని చేతిలో ఐదువందలు పెట్టాను. తప్పులు చూపినందుకే కదా, నాకు ముప్పైయేళ్లు జీతమిచ్చారు!