సున్న చుట్టేస్తే సరిపోతుందా?

"పదితో గుణించాలా? పక్కన ఒక సున్న చుట్టెయ్యి. నూరుతోనా? రెండు చుట్టు!" మూడో తరగతిలోనో నాలుగో తరగతిలోనో మీరు ఇలాగే నేర్చుకుని ఉంటారు. ఇప్పుడు మీ తమ్ముడికో చెల్లెలికో మీరూ ఇదే చెబుతూ ఉండవచ్చు. మొదటే అలా చెప్పకండని నా మనవి.

సూత్రం తప్పని కాదు. పూర్ణాంకాలకు అది ఎప్పుడూ సరైన జవాబే ఇస్తుంది. కాని ఎందుకు ఇస్తుందో చెప్పదు. కొందరు 'సున్న కలుపు' అని కూడా అంటారు. ఏ సంఖ్యకు సున్న కలిపినా ఆ సంఖ్య మారదని బ్రహ్మగుప్తుడు క్రీ.శ. 628లోనే వ్రాశాడు. 34కు సున్న కలిపితే 34. మరి 340 ఎలా అయింది? మీ చెల్లెలు అడిగితే ఏం చెబుతారు?

ఇంట్లో ఉన్న చిల్లర తీయండి. 34 రూపాయలంటే మూడు పది రూపాయల నోట్లు, నాలుగు రూపాయి బిళ్ళలు అనుకుందాం. దీన్ని పది రెట్లు చేయాలి. ఒక్కొక్క బిళ్ళ పది బిళ్ళలవుతుంది. ఆ పదీ ఇచ్చి ఒక పది నోటు తీసుకోండి. ఒక్కొక్క పది నోటు పది నోట్లవుతుంది. అవి ఇచ్చి ఒక వంద నోటు తీసుకోండి. చివరకు చేతిలో మూడు వందలు, నాలుగు పదులు ఉన్నాయి. విడి రూపాయి ఒక్కటీ లేదు. 3, 4 అంకెలు మారలేదు. ఒక్కొక్క స్థానం ఎడమకు జరిగాయి, అంతే. ఒకట్ల స్థానం ఖాళీ అయిందని చెప్పడానికి అక్కడ సున్న కూర్చున్నది. నూరుతో గుణిస్తే రెండు స్థానాలు, వెయ్యితో మూడు. మీరు పై తరగతుల్లో 10³ అని వ్రాసేటప్పుడు ఆ ఘాతాంకం చెప్పేది కూడా ఎన్ని స్థానాలు జరగాలన్నదే. 10⁰ అయితే అంకెలు కదలనే కదలవు. అందుచేత 10⁰ విలువ 1 అంటే ఆశ్చర్యపడనక్కరలేదు.

ఇది తెలియని పిల్లవాడు దశాంశాల దగ్గర బోల్తా పడతాడు. 3.5ను పదితో గుణించమంటే సున్న చుట్టి 3.50 అంటాడు. అది మళ్ళీ మూడున్నరే! 0.25 గ్రాముల మందు ఎన్ని మిల్లీగ్రాములంటే మూడు సున్నలు చుట్టి 0.25000 అంటాడు. 250 అనడు. పరీక్షలో అయితే మార్కులు పోతాయి, మందుల గదిలో అయితే పోయేది మార్కులు కాదు.

అరవై మంది ఉన్న తరగతిలో సూత్రం చెప్పి ముందుకు సాగక తప్పని ఉపాధ్యాయులను నేను తప్పుపట్టను. మీకు మాత్రం ఉన్నది ఒక్క చెల్లెలే కదా! నోట్లూ బిళ్ళలూ ఇచ్చి నాలుగైదు లెక్కలు చేయించండి. "అన్నిటికీ చివర సున్నే వస్తోందే!" అని తానే అంటుంది. అప్పుడు మూడున్నర రూపాయలు చేతిలో పెట్టి, పదిరెట్లు ఎంతో అడిగి చూడండి.