బోరుబావియు బ్యాంకు నిబంధనయు

బ్యాంకులకు విధింపబడు నిబంధనలు నగరములలోని కార్యాలయములకు మాత్రమే సంబంధించినవని మనలో పలువురు భావింతురు. కాని అట్టి నిబంధన యొకటి అనంతపురము మెట్టనేలలలో రైతు యింటియందును, అతని కాళ్లక్రింది భూగర్భమునందును ఎట్టి ఫలితమునిచ్చెనో పరిశీలించినచో ఆ భావము నిలువదు.

1984 నాటి భూగర్భజల గణన పద్ధతి, ఏటేట భూమిలోనికి ఇంకు నీటిలో నూటికి 85 పాళ్లకు మించి తోడివేయు ప్రాంతములను 'డార్కు బ్లాకు'లని పేర్కొనెను. అట్టిచోట్ల క్రొత్త బావుల ఋణములకు జాతీయ వ్యవసాయ గ్రామీణాభివృద్ధి బ్యాంకు (నాబార్డు) రీఫైనాన్సు నిరాకరింపగా బ్యాంకులును వెనుదీసెను. ఉద్దేశము సాధువే, ఎండిన భూమికి మరియొక తూటు పొడుచుటకై ప్రజాధనమును వెచ్చించుట అవివేకము. అయినను బోరుబండి ఆగలేదు. వాన మొగము చాటువేసిన యేట, కాపునకు వచ్చిన చీనీతోట కన్నుల యెదుటనే ఎండుచుండగా, రైతు బ్యాంకును విడిచి నూటికి నెలకు రెండు మూడు రూపాయల వడ్డీ గుంజు వ్యాపారి గడప త్రొక్కెను. మొదటి బోరులో నీరు పడకున్న రెండవది, అందును పడకున్న భార్య మెడలోని బంగారము కుదువబెట్టి మూడవది వేయించెను. క్రొత్త బావికి అనుమతి కావలెనని 2002 నాటి నీరు, భూమి, చెట్ల పరిరక్షణ (వాల్టా) చట్టము శాసించినను, 2004లో వచ్చిన ఉచిత విద్యుత్తు బావినీటిని తోడుటకు ఖర్చే లేకుండ జేసెను. నీటిమట్టము దిగెను, అప్పు పెరిగెను. ఈ రెంటి నడుమ ఎన్ని కుటుంబములు నలిగెనో మన పల్లెలకు తెలియును.

2010 అక్టోబరులో సూక్ష్మఋణ సంస్థలపై ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము తెచ్చిన ఆర్డినెన్సు విషయమునను ఇట్లే జరిగినది. వారపు వాయిదాల వేధింపునుండి స్త్రీలకు అది ఊరట గూర్చెను. ఆ మేలు కాదనరానిది. కాని ఆ సంస్థలు అప్పులిచ్చుట మానగా, పొదుపుసంఘపు ఋణము చాలని ఇల్లాండ్రు పలువురు పాత వ్యాపారినే ఆశ్రయించిరి.

నిషేధము తప్పని నేననను. అవసరము తీరు వేరొక త్రోవ చూపక నిషేధించుట తప్పని యందును. బ్యాంకు ఋణములో నూటికి 40 పాళ్లు ప్రాధాన్యరంగములకును, అందులోనే 18 పాళ్లు వ్యవసాయమునకును చేరవలెనని రిజర్వు బ్యాంకు నియమము. ఆ 18 పాళ్లు భూమినుండి ఎంత నీటిని తోడినవో, ఎంత నిలిపినవో ఆ లక్ష్యము అడుగదు. అడుగవలెను. బోరునకు నిరాకరించిన ఋణమును నీటికుంటకు, బిందుసేద్యమునకు, కొఱ్ఱ జొన్నల సాగునకు, పట్టా లేని కౌలురైతునకు సైతము అందునట్లు, అదే బ్యాంకు అదే దినమున ఇయ్యవలెను. రెండు తెలుగు రాష్ట్రముల బ్యాంకర్ల సమితులును ఇకమీదట మండలమువారీ భూగర్భజల మట్టముల పట్టికను ముందుంచుకొనియే వార్షిక ఋణప్రణాళికను వ్రాయవలెనని, అందుకు ప్రభుత్వములు పట్టుబట్టవలెనని ప్రార్థించుచున్నాను.